మలుపు దగ్గర ఆగాలి

స్కూల్ క్యాంపులో మా అమ్మాయికి ఫొటోలు తీసే పని ఇచ్చారు. అంతా అక్కడ మొదలైంది.

తక్కిన పిల్లలంతా తాళ్లు పట్టుకుని గోడలెక్కారు, పీపాలు కట్టి తెప్పలు చేసి నీళ్లలోకి దిగారు. మా పిల్ల మెడలో కెమెరా వేసుకుని, గట్టు మీద గొడుగు కింద, ఒక టీచరు పక్కన కూర్చుంది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసిన పని కాదు. ఆ టీచరు మంచిదే. పిల్లకు ఎండ తగలకుండా గొడుగు తనే పట్టుకుందట. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతూ, "ఫొటోస్ బాగా వచ్చాయమ్మా. ఒక్కదాంట్లో కూడా నేను లేను," అంది మా అమ్మాయి.

దానికి పదిహేనేళ్లు. పదకొండో ఏట నుంచి టైప్ వన్ డయాబెటిస్ ఉంది. షుగర్ అనగానే మనవాళ్లకు నడివయసు, బానపొట్ట, చక్కెర లేని కాఫీ గుర్తుకొస్తాయి. ఇది అది కాదు. ఒళ్లు తనంతట తాను ఇన్సులిన్ తయారు చేసుకోవడం మానేసింది కాబట్టి, అన్నానికి ముందు ప్రతిసారీ సూదితో ఎక్కించుకోవాలి. ఎక్కించుకున్నాక వేళకు తినకపోయినా, ఒళ్లు అలిసేలా ఆడినా, రక్తంలో చక్కెర పడిపోతుంది. చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అప్పుడు కావలసింది చక్కెర మానడం కాదు, వెంటనే చక్కెర తినడం. నాలుగేళ్లుగా ఎంతమందికి చెప్పానో ఈ మాట! విన్నవాళ్లందరూ తలూపారు. ఎంతమందికి ఎక్కిందో తెలియదు.

పిల్ల భుజం కింద రూపాయి బిళ్లంత సెన్సర్ ఒకటి అతికించి ఉంటుంది. అది చూపే చక్కెర అంకె పిల్ల ఫోనుకీ నా ఫోనుకీ వస్తుంది. అంకె మరీ కిందికి దిగితే నా ఫోను కుక్కర్ విజిల్ లాగా అరుస్తుంది.

క్యాంపు అయిన వారానికి కాబోలు, అన్నం తింటూ అడిగింది. "అమ్మా, నువ్వు ఊళ్లో మోటార్‌బైక్ నడిపేదానివి కదా. మట్టి రోడ్ల మీద. నాకు నేర్పిస్తావా? రోడ్డు కాదు. మట్టి, బురద, రాళ్లు, అలాంటి దాని మీద. ఎవరూ నన్ను కూర్చోబెట్టలేని చోట."

నేను అనంతపురం జిల్లాలో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. బస్సు పోని ఊళ్లకు వంద సీసీ బండి మీద పోయేదాన్ని. వాగుల్లో, వంకల్లో ఇసుక, చేలగట్ల మీద గులకరాళ్లు, వానొస్తే టైరుకు అంటుకుని కదలనివ్వని నల్లరేగడి. జిల్లాలో బండి నడిపిన మొదటి ఆడ విలేకరిని నేనేనని చెప్పను. నాకు ఇంకొకరు కనబడలేదని మాత్రం చెప్తాను. వార్తలు దిద్దే డెస్కులో నేర్పిన జాగ్రత్త అది. ఆ డెస్కులోనే ఇంకొకటి కూడా చూశాను. మగవాడు బండి మీద నుంచి పడితే 'ద్విచక్ర వాహనదారుడికి గాయాలు' అని వేసేవాళ్లం. ఆడమనిషి పడితే 'బండి నేర్చుకుంటూ' అన్న మాట ఎక్కడి నుంచో వచ్చి చేరేది. ఆమె పదేళ్లుగా నడుపుతున్నా సరే. మొదట్లో కొట్టేసేదాన్ని. పొద్దున్నే పేపర్లో మళ్లీ ఉండేది. తర్వాత్తర్వాత అచ్చుకు పోయేదాకా దగ్గర నిలబడి కొట్టేయించేదాన్ని.

అందుకే పిల్ల అడిగినప్పుడు ఆలోచించుకుని చెప్తాననలేదు. "నేర్పిస్తాలే," అన్నాను. మా ఆయన పెరుగు కలుపుకుంటున్నవాడు చెయ్యి ఆపాడు.

మా ఆయనది కాకినాడ. ఇక్కడ సింగపూర్లో ఒక బ్యాంకులో, రాబోయే నష్టాలను ముందే ఊహించే విభాగంలో ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ డ్యూటీ దిగడు. పైగా ఎప్పుడూ వద్దు అని అనడు.

"చూద్దాంలే. తన ఎగ్జామ్స్ అవ్వనీ."

"అయిపోయినాయి కదా."

"మరి వచ్చే ఏడు ఓ-లెవెల్ పరీక్షలు."

"అందుకే ఈ సెలవుల్లో పోయేది."

"డిసెంబర్లో ఇటువైపంతా వర్షాలే వర్షాలు."

"వానొస్తే బురదయితాది. బురద కోసమే కదా పోయేది!"

మా అమ్మాయి నవ్వింది. ఆయన పెరుగన్నం వైపు చూస్తూ, "నాకేం నవ్వు రావట్లేదు," అన్నాడు.

సింగపూర్లో మట్టి దారి వెతుక్కోవడమంటే నీళ్ల కుండలో ఇసుక వెతుక్కోవడమే. మేముండే చోవా చూ కాంగ్‌లో గడ్డి కూడా కొలత ప్రకారం పెరుగుతుంది. వంతెన దాటి పక్క దేశంలోని జొహోర్‌లోకి పోయి, కోట తింగి దాటాక, పామాయిల్ తోటలున్నాయి. గెలలు మోసే లారీల కోసం వేసిన ఎర్రమట్టి దారులు ఆ తోటల లోపల కొన్ని మైళ్లు అల్లుకుని ఉంటాయి. అవి సొంత తోటలు. యజమాని ఒప్పుకుంటే, తల్లో తండ్రో వెంట ఉంటే, పిల్లలనూ తీసుకుపోయే గైడ్లు ఉన్నారు. అట్లాంటి ఒకాయన ఫోన్ నంబర్ పట్టాను. మలయ్ మనిషి. బండ్లు, హెల్మెట్లు, మోకాలి కవచాలు అన్నీ తనే ఇస్తాడు. తన భార్య కూడా బండి నడుపుతుందనీ, వరసలో చివర ఎప్పుడూ ఆవిడే వస్తుందనీ చెప్పాడు. నన్ను మొదటి మాటలోనే 'కాక్' అని పిలిచాడు. అక్కా అని.

పిల్లకు షుగరుందని చెప్పాను. "మై మదర్ ఆల్సో గాట్," అన్నాడు. మీ అమ్మగారిది వేరు, ఇది వేరు అని మొత్తం చెప్పుకొచ్చాను. అడ్డు రాకుండా విన్నాడు. చివరికి ఇక కుదరదంటాడని, సంస్థ నియమాలంటాడని కాచుకుని కూర్చున్నాను. ఆయన అడిగింది ఒకటే.

"షీ డ్రాప్ ద బైక్, షీ క్యాన్ లిఫ్ట్ ఆర్ నాట్?"

పడేసిన బండిని తనే లేపుకోవాలి. లేపలేనివాళ్లను తీసుకుపోడు, మగవాళ్లయినా సరే. అది మొదటి నియమం. రెండోది వరస గురించి. దారిలో ఒకరి వెనక ఒకరు పోతారు. తన వెనకున్న మనిషి బాధ్యత ప్రతి ఒక్కరిదీ. దారి చీలిన చోటా మలుపు తిరిగే చోటా ఆగాలి. వెనకవాళ్లు వచ్చి నిన్ను చూసేదాకా కదలకూడదు. మధ్యలో మాత్రం వెనక్కి తిరిగి చూడకూడదు, ఎవరు వెనక్కి చూస్తే వాళ్లే పడతారు అన్నాడు. వెనకవాళ్లు ఎంతసేపటికీ రాకపోతే? అప్పుడు చివరి మనిషి చూసుకుంటుంది, నువ్వు మాత్రం మలుపు దగ్గరే ఉండు, నువ్వు కూడా కదిలితే దారి తెలిసినవాళ్లు ఎవరూ మిగలరు అన్నాడు.

రెండూ ఒప్పుకున్నాను. డిసెంబర్ మొదట్లో ఒక శనివారం ఖాయం చేసుకున్నాం.

ఈ సంగతి నలుగురికీ చెప్పింది నేను కాదు. మా ఆయన. దిగులు మనసులో పట్టక ఎవరితోనో అన్నాడు. కార్తీక వనభోజనాల నాటికి తెలుగువాళ్లలో తెలియనివాళ్లు లేరు.

వనభోజనాలు సెంబవాంగ్‌లో, సముద్రం ఒడ్డు పార్కులో పెట్టుకున్నారు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద పూజ చేసి, ఆ నీడలో తినడం మన ఆచారం. ఆ పార్కులో అన్ని చెట్లూ ఉన్నాయి గానీ ఉసిరి లేదు. బూన్ లేలో ఉండే ఒక కుటుంబం వాళ్ల వరండాలో కుండీలో ఉసిరి మొక్క పెంచుతోంది. ఏటా దాన్నే తెస్తారు. కుండీకి పసుపు రాసి, దాని చుట్టూ కూర్చుని పూజ చేసుకుంటాం. మోకాలెత్తు మొక్క నీడలో నూరు మందిమి తింటాం.

పన్నెండున్నరకు భోజనాలన్నారు. పన్నెండు దాటాక విస్తరాకులు పరవడం, పులిహోర గిన్నెలు దింపడం చూసి మా అమ్మాయి ఇన్సులిన్ వేసుకుంది. పావుగంట ముందు వేసుకోవాలి మరి. డెడ్‌లైను అంటే డెడ్‌లైనే అని నమ్మే ఇంట్లో పెరిగింది. అది చేసిన పొరపాటల్లా తెలుగువాళ్లు చెప్పిన టైమును నమ్మడం. విస్తళ్లు పరిచాక తెలిసింది, ఉసిరి మొక్క ఇంకా రాలేదని. బూన్ లే నుంచి కుండీతో ట్యాక్సీ దొరకక రైలెక్కారట. మొక్క రాకుండా పూజ లేదు, పూజ కాకుండా నైవేద్యం లేదు, నైవేద్యం కాకుండా మెతుకు ముట్టకూడదు.

ఆ సమయానికి నేను దూరంగా కుళాయి దగ్గర అరటిపళ్లు కడుగుతున్నాను. మా ఆయన కుర్చీలు మోస్తున్నాడు. తర్వాత చూసినవాళ్లు చెప్పింది ఇది. పిల్లకు చేతులు వణకడం మొదలైంది. సంచిలోంచి జ్యూస్ డబ్బా తీసి స్ట్రా గుచ్చింది. పక్కనే ఒక పెద్దావిడ ఉంది. ఇక్కడ అందరికీ ఆంటీయే, పెళ్లిళ్లకూ పురుళ్లకూ ముందుండే మనిషి. ఆవిడ చటుక్కున ఆ డబ్బా లాక్కుంది.

"అమ్మో అమ్మో, జ్యూసే! షుగరున్న పిల్లవి, ఇది తాగితే ఇంకేమన్నా ఉందా! ఉండు తల్లీ, మజ్జిగిస్తా."

మాట తడబడుతున్న పిల్ల ఏం చెప్పగలదు? నా ఫోను విజిల్ వేసింది. తడి చేతులతో పరిగెత్తాను. నేను వెళ్లేసరికి మా అమ్మాయి పూజా సామగ్రి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉంది. దేవుడి పటం ముందు, కొబ్బరికాయ పక్కన, నైవేద్యానికి పెట్టిన బెల్లం ముక్క దాని నోట్లో ఉంది. బుగ్గ ఉబ్బి ఉంది. పటం వైపు చూసి, "సారీ స్వామీ, ఎమర్జెన్సీ," అంటోంది.

"ముట్టేసింది! ఎంగిలి చేసేసింది!" అన్నారెవరో. పూజ చేయించే పెద్దాయన నవ్వి, "స్వామికి ఇంకో ముక్క పెడదాంలేమ్మా, ఆయనకేం తొందర? మనకే ఆకలి," అన్నాడు. కాసేపటికి పిల్ల రంగు తేరుకుంది. అంకె పైకి పాకడం మొదలుపెట్టింది. అక్కడితో అయిపోవలసింది.

ఆంటీ నా వైపు తిరిగింది. చేతిలో ఇంకా ఆ జ్యూస్ డబ్బా ఉంది. "ఏమ్మా, ఇట్టాంటి పిల్లనా నువ్వు బండెక్కించి అడవుల్లో తిప్పుతానంటున్నావ్? ఇంతమంది మధ్యలోనే ఇట్టా అయిందే!"

"ఇంతమంది మధ్యలో కాబట్టే అయింది ఆంటీ. అడవిలో అయింటే, చేతిలో జ్యూస్ లాక్కునేవాళ్లు ఉండరు."

సరిగ్గా అప్పుడు, చెమటలు కక్కుతూ, ఉసిరి కుండీ చంకనెత్తుకుని, బూన్ లే కుటుంబం వచ్చింది. "సారీ అండీ, రైల్లో ఒకటే జనం!" అన్నాడు మొక్కను మోసుకొచ్చినాయన. ఎవరూ ఏమీ అనకపోయేసరికి కంగారుపడి, "మొక్కకేం కాలేదు లెండి," అన్నాడు.

ఆంటీ గురించి కూడా చెప్పాలి, లేకపోతే వార్త ఏకపక్షమవుతుంది. వాళ్లాయనకు చాలా ఏళ్లుగా షుగరు. కాలి వేళ్లు తీసేశారు. ఇంట్లో తీపి అన్నది కనబడకుండా దాచిపెట్టి, ఆయన్ను కాపాడుకుంటూ వచ్చిన మనిషి ఆవిడ. నా పిల్ల చేతిలో జ్యూస్ చూడగానే ఆవిడ చెయ్యి తనంతట తనే లేచింది. అది ప్రేమే. గొడుగు పట్టుకున్న టీచరుదీ ప్రేమే. ఇట్లా ప్రేమతో కూర్చోబెట్టేవాళ్లను ఎదిరించడానికి కోపం చాలదు. తిట్టినా తిట్టకపోయినా వాళ్లు మళ్లీ గొడుగు పట్టుకునే వస్తారు. అయినా ఎదిరించాలి. లేకపోతే నా కూతురు జన్మంతా ఇతరుల ఫొటోలు తీస్తూ కూర్చోవాలి.

ఆ సాయంత్రం నుంచి ఫోన్లు. ఎవరూ తప్పని అనలేదు. "ఆలోచించుకోండి" అన్నారు, "తల్లిదండ్రులు మీరు, మాకంటే మీకే బాగా తెలుసు" అన్నారు. ఆ మాట అన్నారంటే మీకు ఏమీ తెలియదని అర్థం. అందరికీ ఒకే జవాబు చెప్పాను. "శనివారం పోతున్నామండీ. మీరూ రాండి."

మా ఆయన దగ్గర ఆ జవాబు చెల్లలేదు.

"ఈసారికి వద్దు," అన్నాడు. మా పెళ్లయ్యాక 'చూద్దాం' అనకుండా నేరుగా వద్దని అనడం నేను విన్నది తక్కువ. "పార్కులో చూశావ్‌గా. ఆ నిమిషంలో బండి మీద ఉంటే?"

"బండి మీదుంటే బండి ఆపి, నోట్లో వేసుకుంటాది."

"అంత తేలిగ్గా ఎలా చెప్తావ్?"

"తేలిగ్గా చెప్పడంలా. నేర్పిస్తే చేస్తాదని చెప్తాండా."

గదిలో ఉందనుకున్న పిల్ల తలుపు దగ్గర నిలబడి ఉంది. "నాన్నా, ఆ రోజు ఎవరు హ్యాండిల్ చేశారు? అమ్మ ట్యాప్ దగ్గర ఉంది. నువ్వు చెయిర్స్ మోస్తున్నావ్. ఆంటీ నా జ్యూస్ తీసేసుకుంది. ఎవ్రీబడీ వాజ్ దేర్ లా. బట్ ఐ డిడ్ ఇట్."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు. చివరికి, "నేనూ వస్తాను. బండెక్కమని మాత్రం అడగొద్దు," అన్నాడు.

డాక్టరు దగ్గరికి ముగ్గురమూ వెళ్లాం. గుమ్మంలోనే మా ఆయనకు చెప్పాను, అడిగేది నేను అని. 'తీసుకుపోవచ్చా' అని అడిగితే ఏ డాక్టరైనా గొంతు సవరించుకుంటాడు. విలేకరిగా నేర్చుకున్నది అదొక్కటే, జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. "శనివారం తీసుకుపోతున్నాం. ఎట్లా తీసుకుపోవాలి?" అన్నాను. డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున ఇన్సులిన్ ఎంత తగ్గించాలి, అంకె ఎంతుంటే బండెక్కాలి, ఎంతకు దిగితే బండి ఆపాలి, ఆగాక మళ్లీ ఎప్పుడు ఎక్కవచ్చు, రాత్రి నిద్రలో ఎందుకు పడిపోవచ్చు, ఎండకు ఇన్సులిన్ చెడకుండా నీళ్లలో తడిపే సంచి ఎట్లా వాడాలి. స్పృహ తప్పితే ముక్కులో కొట్టే మందొకటి రాసింది. అది గైడ్ భార్య దగ్గర ఉంచాలని అక్కడే అనుకున్నాం. అన్నీ చెప్పాక పిల్ల వైపు తిరిగి, "ఎంజాయ్," అంది. మా ఆయన ఆ ఒక్కమాట తప్ప అన్నీ రాసుకున్నాడు.

ఇక మిగిలింది బండి లేపడం. లేపడానికి బండి ఏది? మా దగ్గరున్నది పాత కొండసైకిలు. దానికి సోనామసూరి బియ్యం బస్తాలు రెండు, అటొకటి ఇటొకటి కట్టాం. రోజూ సాయంత్రం కింద గడ్డిలోకి దింపి, అడ్డంగా పడేసి, లేపడం. నడుము వంచి చేతులతో లాగితే రాదు. హ్యాండిల్ ఒక పక్కకు తిప్పి, బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి కూర్చుని, కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి లేవాలి. నాకు వంకల్లో పడిపడి వచ్చిన విద్య. మొదటి రోజు పిల్ల, సైకిలు, బియ్యం కలిసి దొర్లాయి. ఒక బస్తా చిల్లి పడింది. పావురాలకు పండగ.

పక్క బ్లాకులో ఒక చైనీస్ తాత బెంచీ మీద కూర్చుని రోజూ చూసేవాడు. మూడో రోజో నాలుగో రోజో ఆగలేక అడిగాడు. "గర్ల్ ఆ, ద రైస్ స్లీపింగ్ నైస్‌లీ, వై యూ ఎవ్రీడే వేక్ అప్?"

"ట్రెయినింగ్, అంకుల్!"

"ఫర్ వాట్? ఓపెన్ ప్రొవిజన్ షాప్ ఆ?"

ఆ వారాంతానికి పిల్ల ఒక్క ఊపులో లేపింది. తాత చప్పట్లు కొట్టాడు. ఆ బియ్యమే వండుకుని తిన్నాం.

బయలుదేరే ముందు రోజు సంచీలు సర్దుతున్నాం. గ్లూకోజ్ బిళ్లలు, జ్యూస్ డబ్బాలు, సూదులు, అదనంగా ఒక సెన్సరు, దాని మీద అతికించే టేపు. నేను డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి కాగితంలో చుట్టబోతే, "వద్దమ్మా, చీమలొస్తాయి," అని పక్కన పెట్టింది. మాలాగా దానికి ప్రతి వస్తువూ ఏదో ఒకదానికి గుర్తు కాదు. పనికొస్తుందా లేదా, అంతే. నడుముకు కట్టుకునే చిన్న సంచిలో బిళ్లలు కుడివైపు, జ్యూస్ ఎడమవైపు, ఫోను మధ్యలో పెట్టి, కళ్లు మూసుకుని తడిమి చూసుకుంది. తర్వాత నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఒక కండిషన్. రేపు నా షుగర్ నంబర్ నీ ఫోన్‌కి రాకూడదు. షేరింగ్ ఆఫ్ చేస్తాను."

"తోటలో సిగ్నలే ఉండదన్నాడు కదా!"

"యూ విల్ ఫైండ్ సిగ్నల్. నువ్వు ఆ టైపు." ఇంకొకటి కూడా చెప్పింది. "వరసలో నువ్వు నా ముందుండాలి. వెనక కాదు. వెనకుంటే నన్ను చూస్తూ ఉంటావ్. నువ్వు చూస్తుంటే నేను రోడ్ చూడలేను."

నాకు ఒళ్లు మండింది. ఊరందరితో పోట్లాడింది నేను, డాక్టరును అడిగింది నేను, దీని కోసం వాళ్ల నాన్నను కాదన్నది నేను.

"నేను గాన అడ్డం నిలబడకపోయింటే నువ్వు ఈ పొద్దు ఎక్కడుండేదానివి?"

"తెలుసమ్మా." గొంతు పెంచలేదు. "ఆంటీ జ్యూస్ లాక్కుంది. నువ్వు జ్యూస్ పట్టుకుని పరిగెత్తుకొస్తావ్. నాకు ఇద్దరూ సేమ్ లా. నాకూ చేతులున్నాయి."

మా ఆయన పక్కగదిలోకి వెళ్లిపోయాడు. తెలివైనవాడు. నేను ఆ సర్దిన సంచి వైపే చూస్తూ కూర్చున్నాను. నాలుగేళ్లుగా ఆ అంకె చూడకుండా నిద్రపోలేదు, లేవలేదు. అది లేకపోతే నా ఫోన్లో ఏముందో కూడా తెలియదు. కానీ పిల్ల అడిగినది నాకు తెలియనిది కాదు. అచ్చుకు పోయేదాకా దగ్గర నిలబడి నేను కొట్టేయించిన 'బండి నేర్చుకుంటూ' అన్న మాట లాంటిదే ఈ కాపలా కూడా. ఈసారి ఆ మాట రాసింది నేనే. ఫోను దాని చేతికిచ్చాను. అది నొక్కింది. నా తెర మీద అంకె ఉండే చోట రెండు గీతలు మిగిలాయి.

శనివారం తెల్లవారకముందే వంతెన దాటాం. రాత్రి వాన పడి తోట దారులు ఎర్రగా, మెత్తగా ఉన్నాయి. గైడ్ మా అమ్మాయి ముందే ఒక బండిని నేల మీద పడుకోబెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి జారింది. రెండోసారి వీపు ఆనించి, బూట్లు బురదలో దిగేసి, లేపి నిలబెట్టింది. "ఓకే, అడిక్," అన్నాడు, చెల్లీ అని. ఒక ఖాళీ జాగాలో గేర్లు, క్లచ్చి, బ్రేకు, పెడల్స్ మీద నిలబడి నడపడం పొద్దెక్కేదాకా నేర్పించాడు. నా కాళ్లకు ఆ విద్య ఇంకా గుర్తుంది. నడుముకే గుర్తు లేదు. తర్వాత వరస కట్టాం. ముందు ఆయన, తర్వాత నేను, నా వెనక పిల్ల, చివర తలకు చుట్టుకున్న తుడుంగ్ మీద హెల్మెట్ పెట్టుకుని ఆయన భార్య. మా ఆయన షెడ్డు కింద కుర్చీలో, చేతిలో జొహోర్ ఆసుపత్రుల నంబర్లతో.

మొదటి మలుపు తాటిగుబురు లాంటి పామాయిల్ చెట్ల మధ్య, ఒక కాలువ గట్టు మీద వచ్చింది. గైడ్ నన్ను చూసి ముందుకు వెళ్లిపోయాడు. నేను ఆగి, ఇంజను ఆపి, కాలు కింద పెట్టాను. వెనక పిల్ల బండి చప్పుడు వినిపిస్తోంది. దగ్గరవుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

చెట్ల మీద నుంచి రాత్రి వాన చుక్కలు పడుతున్నాయి. పడిందా? అంకె దిగిందా? నా చెయ్యి జేబు దాకా పోయింది. ఫోన్లో ఉన్నవి రెండు గీతలే. బండి వెనక్కి తిప్పితే కనబడుతుంది, అటు తిప్పడానికి దారి వెడల్పుగానే ఉంది. హ్యాండిల్ పట్టుకున్నాను, వదిలేశాను. కదలొద్దన్నాడు గైడ్. కదిలితే గొడుగు పట్టుకుని పోయినట్టే. నేను ఈ దేశంలో, ఆ దేశంలో చాలామందిని ఎదిరించాను గానీ, ఆ గట్టు మీద నిలబడి నా కాళ్లను ఎదిరించినంత కష్టం ఎప్పుడూ పడలేదు. నిలబడ్డాను.

ఇంజను మళ్లీ మోగింది. మలుపులోంచి ముందు లైటు వచ్చింది, వెనకే పిల్ల. ఎడమ పక్క భుజం నుంచి బూటు దాకా ఎర్రమట్టి. హెల్మెట్ లోపల బుగ్గ ఉబ్బి ఉంది, ఏదో నములుతోంది. దూరంగా దాని వెనక గైడ్ భార్య ఆగి, అన్నీ బాగున్నట్టు చెయ్యెత్తింది.

పడిందో, తిందో, రెండూ చేసిందో నేను అడగలేదు. పిల్ల నన్ను చూసింది. నేను చూశానని చూసింది. నమలడం ఆపకుండానే చేత్తో ముందుకు తోసినట్టు సైగ చేసింది.

"వై యూ స్టాండింగ్ దేర్? గో లా, అమ్మా!"

ఇంజను స్టార్ట్ చేసి, గేరు వేశాను. వెనక్కి చూడకుండా రెండో మలుపు దాకా పోయి, అక్కడ ఆగాను.